సాఫ్ట్‌వేర్ చరిత్ర తరలింపు: వెర్షన్ కంట్రోల్ వ్యవస్థల మార్పుపై పాఠపరిష్కరణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ సోర్స్‌కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ, దాన్ని చేసినవారి పేరునూ, తేదీనీ, కారణాన్నీ నమోదుచేసే సాధనాలను వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలంటారు. దశాబ్దాల పాటు సాగే ప్రాజెక్టులు ఒక వ్యవస్థను వదిలి మరొకదానికి మారేటప్పుడు తమ చరిత్రను కూడా వెంట తీసుకుపోవలసి వస్తుంది. ఇది కేవలం నకలు తీసే పని కాదనీ, ప్రతి అడుగులోనూ నిర్ణయాలు కోరే పరిష్కరణ కార్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జీసీసీ కంపైలర్ చరిత్ర 2020లో సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు మారిన తీరును ప్రధాన ఉదాహరణగా తీసుకొని, కర్తృత్వం, శాఖలు, సూచన సంఖ్యలు, కాలం అనే అంశాలలో తలెత్తే సమస్యలను వివరిస్తుంది. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, పైథాన్ ప్రాజెక్టులు అనుసరించిన మార్గాలను పోల్చి చూపుతుంది. చివరగా ఈ చర్చకు తెలుగు డిజిటల్ పాఠాలతో ఉన్న సంబంధాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: వెర్షన్ కంట్రోల్, గిట్, సబ్‌వెర్షన్, జీసీసీ, కర్తృత్వం, పాఠపరిష్కరణ, డిజిటల్ భద్రత.

1. ఉపోద్ఘాతం

ఒక కావ్యానికి పది ప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త ముందు నిలిచే ప్రశ్నలు సాహిత్య పరిశోధకులకు పరిచితమైనవే. ఏ పాఠం కవిది, ఏది లేఖకునిది? ఈ పద్యం మొదటి నుంచీ ఉన్నదా, తరువాత చేరిందా? ఏ ప్రతికి ఏది మాతృక? సాఫ్ట్‌వేర్ రంగంలో ఇటువంటి ప్రశ్నలకు తావు లేదని పైకి అనిపిస్తుంది. అక్కడ ప్రతి మార్పూ జరిగిన క్షణంలోనే నమోదవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో యంత్రమే గుర్తుంచుకుంటుంది. తాళపత్ర ప్రతుల విషయంలో మనం ఊహించవలసినవన్నీ అక్కడ లిఖితపూర్వకంగా ఉంటాయి.

అయితే ఆ నమోదు పుస్తకమే పాతబడినప్పుడు పరిస్థితి మారుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ముప్పై, నలభై ఏళ్లు బతికితే దాని చరిత్రను భద్రపరిచిన వ్యవస్థలు ఆ లోపల రెండు మూడు సార్లు మారతాయి. అటువంటి ప్రతి మార్పులోనూ చరిత్రను పాత రూపం నుంచి కొత్త రూపంలోకి తిరగరాయాలి. పాత వ్యవస్థ అడగని వివరాలను కొత్త వ్యవస్థ అడుగుతుంది. పాతది దాచిన కొన్నింటికి కొత్తదానిలో చోటుండదు. ఆ ఖాళీలను ఎవరో ఒకరు పూరించాలి, ఆ మిగులును ఎవరో ఒకరు వదిలేయాలి. ఆ పని చేసేవారిని పరిష్కర్తలని పిలవడం సముచితం. వారు ఏం చేశారో తెలియకపోతే తరువాతి పాఠకుడు పరిష్కర్త మాటను కర్త మాటగా చదువుతాడు. ఆ చిక్కును సోదాహరణంగా వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. వెర్షన్ కంట్రోల్ వ్యవస్థ స్వరూపం

వెర్షన్ కంట్రోల్‌లో మౌలికమైన ప్రమాణం కమిట్. ఒక మార్పును చరిత్రలో నమోదు చేయడమే కమిట్ చేయడం. కమిట్‌లో సాధారణంగా నాలుగు అంశాలుంటాయి: మారిన పాఠం, మార్పు చేసినవారి గుర్తింపు, తేదీ–సమయం, మార్పు కారణాన్ని తెలిపే సందేశం. ఇలాంటి కమిట్‌లన్నిటినీ దాచే భాండారం రిపాజిటరీ. ప్రధాన ధారకు భంగం కలగకుండా విడిగా ప్రయోగాలు చేయడానికి వీలుగా చరిత్రను చీల్చితే అది శాఖ అవుతుంది. విడుదల చేసిన రూపానికి గుర్తుగా పెట్టే పేరు ట్యాగ్.

ఈ సాధనాల వంశక్రమాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో ఎస్‌సీసీఎస్ రూపొందింది. 1980ల తొలినాళ్లలో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్‌ను తయారుచేశారు. ఆ పునాదిపైనే 1980ల ద్వితీయార్ధంలో సీవీఎస్ వచ్చి, ఎక్కడెక్కడో ఉన్నవారు ఒకే ప్రాజెక్టుపై కలిసి పనిచేసే వీలు కల్పించింది. సీవీఎస్ లోపాలను సరిదిద్దే లక్ష్యంతో మొదలైన సబ్‌వెర్షన్ 2004లో తొలి పూర్తిస్థాయి విడుదలకు చేరింది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను ప్రారంభించారు. మెర్క్యురియల్ అనే మరొక వ్యవస్థ కూడా ఆ నెలలోనే వెలువడింది.

ఈ మూడు తరాల వ్యవస్థలు చరిత్రను మూడు రకాలుగా అర్థం చేసుకున్నాయి. తరలింపులోని చిక్కులన్నిటికీ మూలం ఇదే కనుక ఆ తేడాను స్పష్టంగా గుర్తించాలి.

సీవీఎస్ దృష్టిలో చరిత్ర ఫైలుది. ప్రతి ఫైలుకూ దానిదైన విడి చరిత్ర, విడి సంఖ్యలు ఉంటాయి. ఒక దోషాన్ని సవరించడానికి ఐదు ఫైళ్లను మార్చితే ఐదు విడి నమోదులు ఏర్పడతాయి. ఆ ఐదూ ఒకే పనిలోని భాగాలన్న సంగతి ఎక్కడా రాసి ఉండదు.

సబ్‌వెర్షన్ దృష్టిలో చరిత్ర మొత్తం భాండారానిది. ఐదు ఫైళ్ల మార్పు ఒకే నమోదుగా, ఒకే వరుస సంఖ్యతో నిలుస్తుంది. 1,000వ కమిట్ తరువాత వచ్చేది 1,001వది. శాఖలూ ట్యాగులూ ఇక్కడ ప్రత్యేక వస్తువులు కావు, ఒక సంచయాన్ని మరొక పేరుతో నకలు చేయడమే శాఖ తీయడం.

గిట్ దృష్టిలో చరిత్ర కమిట్‌ల గొలుసు. ప్రతి కమిట్‌కూ దానిలోని సమాచారం నుంచి లెక్కగట్టిన 40 అక్షరాంకెల ముద్ర గుర్తింపుగా ఉంటుంది. ఆ లెక్కలో పాఠం, కర్త పేరు, తేదీ, సందేశం, వీటితోపాటు మునుపటి కమిట్ ముద్ర కూడా చేరుతుంది. కాబట్టి ఎక్కడో వెనుక ఉన్న ఒక్క అక్షరం మార్చినా అక్కడి నుంచి ముందుకు ఉన్న ముద్రలన్నీ మారిపోతాయి.

3. తరలింపులో తలెత్తే సమస్యలు

3.1. విడి నమోదులను కూర్చడం

సీవీఎస్ చరిత్రను తరువాతి వ్యవస్థలలోకి తేవాలంటే చెల్లాచెదురుగా ఉన్న ఫైలు నమోదులను మార్పులుగా కూర్చాలి. దీనికి సీవీఎస్2ఎస్‌వీఎన్ వంటి పరికరాలు ఒక అనుమాన పద్ధతిని పాటిస్తాయి. ఒకే వ్యక్తి, ఒకే సందేశంతో, కొద్ది నిమిషాల వ్యవధిలో చేసిన నమోదులు ఒకే కమిట్ అయి ఉంటాయని భావిస్తాయి. చాలా సందర్భాలలో ఇది సరిపోతుంది. కానీ ఒకరు అయిదు నిమిషాలలో రెండు వేర్వేరు పనులు ముగించి, రెండింటికీ సందేశం ఖాళీగా వదిలేస్తే అవి ఒకటిగా కలిసిపోవచ్చు. నెట్‌వర్క్ నెమ్మదించి ఒకే పని చాలాసేపు సాగితే అది రెండుగా విడిపోవచ్చు.

సీవీఎస్‌లో ఫైలు పేరు మార్చడానికి ప్రత్యేక సదుపాయం లేదు. పాత పేరును తొలగించి కొత్త పేరుతో చేర్చితే చరిత్ర అక్కడ తెగుతుంది. అలా తెగకూడదని కొందరు నిర్వాహకులు భాండారంలోని చరిత్ర ఫైలునే కొత్త చోటికి జరిపేవారు. అప్పుడు చరిత్ర తెగదు కానీ అబద్ధమాడుతుంది: పదేళ్ల కిందటి విడుదలను తెరిచినా ఆ ఫైలు కొత్త పేరుతోనే కనిపిస్తుంది. ఇలాంటి పాత సవరణలను తరలింపు సమయంలో గుర్తించడం, ఎప్పుడో పత్రాలు తారుమారైన తాళపత్ర గ్రంథంలో అసలు వరుసను కనిపెట్టడం వంటిది.

3.2. కర్త, నమోదుచేసిన వ్యక్తి

ఈ అంశం సాహిత్య పరిశోధకులను ప్రత్యేకంగా ఆకర్షించేది. మన ప్రబంధాలలో ఆశ్వాసాంత గద్య కవి ఎవరో చెబుతుంది. ప్రతి చివర లేఖకుడు తన పేరు, ముగించిన తిథి వేరుగా రాసుకుంటాడు. రెండు పేర్లకూ రెండు చోట్లున్నాయి కనుక వాటిని కలగాపులగం చేయము.

సీవీఎస్, సబ్‌వెర్షన్‌లలో చోటు ఒక్కటే. అక్కడ నమోదయ్యేది కమిట్ చేసిన వ్యక్తి ఖాతా పేరు మాత్రమే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో కమిట్ చేసే హక్కు కొద్దిమందికే ఉంటుంది. బయటివారు సవరణను రాసి పంపితే, హక్కున్న సభ్యుడొకరు పరిశీలించి భాండారంలో చేరుస్తారు. రాసినవారి పేరు సందేశంలో ఒక వాక్యంగా మిగలవచ్చు, మిగలకపోవచ్చు. యంత్రానికి మాత్రం చేర్చినవారే కర్త.

గిట్ ఈ రెంటినీ విడదీసింది. ప్రతి కమిట్‌లోనూ రాసినవారికి ఒక గడి, చేర్చినవారికి మరొక గడి ఉంటాయి. రెండింటిలోనూ పూర్తి పేరు, ఈమెయిల్ చిరునామా ఉంటాయి. కాబట్టి సబ్‌వెర్షన్ నుంచి వచ్చే ప్రాజెక్టు రెండు పనులు చేయాలి. మొదటిది, ప్రతి ఖాతా పేరుకూ అసలు పేరునూ చిరునామానూ జోడించే పట్టిక తయారుచేయాలి. ఇరవై ఏళ్ల కిందట ఒకటి రెండు కమిట్‌లు చేసి వెళ్లిపోయినవారి వివరాలు వెతికి పట్టుకోవడం శ్రమతో కూడిన పని. రెండవది, రాసినవారి గడిలో ఎవరిని పెట్టాలో నిర్ణయించాలి. ఏమీ ఆలోచించకుండా తరలిస్తే రెండు గడులలోనూ చేర్చినవారి పేరే పడుతుంది. అప్పుడు పాత వ్యవస్థ చెప్పని విషయాన్ని కొత్త వ్యవస్థ చెప్పినట్టవుతుంది. పాతది "ఈ మార్పును ఫలానావారు చేర్చారు" అని మాత్రమే అన్నది. కొత్తది "ఫలానావారు రాశారు" అంటుంది. మౌనం వాంగ్మూలంగా మారిపోతుంది.

3.3. శాఖలు, ట్యాగులు

సబ్‌వెర్షన్‌లో శాఖ ఒక సంచయం నకలు కనుక దాన్ని సృష్టించడంలో వాడుకరులకు స్వేచ్ఛ ఎక్కువ. సంచయంలో కొంత భాగాన్నే నకలు తీసినవారుంటారు. విడుదలకు గుర్తుగా పెట్టిన ట్యాగ్‌లో తరువాత ఒక చిన్న సవరణ చేసినవారుంటారు. గిట్‌లో ట్యాగ్ ఒక కమిట్‌కు పెట్టిన పేరు, దానిలో సవరణలు ఉండవు. అలాంటి ట్యాగ్‌ను శాఖగా మార్చాలా, చివరి రూపాన్నే విడుదలగా భావించాలా అన్నది పరిష్కర్త నిర్ణయించాలి.

మెర్క్యురియల్ నుంచి గిట్‌కు వచ్చేటప్పుడు మరొక తేడా ఎదురవుతుంది. మెర్క్యురియల్‌లో శాఖ పేరు ప్రతి కమిట్‌లోనూ శాశ్వతంగా రాసి ఉంటుంది. గిట్‌లో శాఖ పేరు చివరి కమిట్‌కు తగిలించిన చీటీ మాత్రమే, ఆ చీటీ తీసేస్తే కమిట్ ఏ శాఖలో పుట్టిందో చెప్పే ఆధారం ఉండదు. ఆ సమాచారం అవసరమనుకుంటే సందేశంలోనో వేరే పట్టికలోనో భద్రపరచాలి.

3.4. సూచన సంఖ్యలు

పరిశోధనా గ్రంథానికి అధస్సూచికలు ఎలాంటివో ప్రాజెక్టుకు కమిట్ సంఖ్యలు అలాంటివి. దోషాల పట్టికలో, ఉత్తరాలలో, సోర్స్‌కోడ్ వ్యాఖ్యలలో, ఇతర కమిట్‌ల సందేశాలలో "ఫలానా సంఖ్య గల మార్పు చూడండి" అని వేలసార్లు రాసి ఉంటుంది. గిట్‌లోకి రాగానే ఆ సంఖ్యల స్థానంలో ముద్రలు వస్తాయి. పాత సంఖ్యను కొత్త ముద్రతో కలిపే పట్టిక లేకపోతే ఆ సూచనలన్నీ పుటసంఖ్యలు మారిన పునర్ముద్రణలో పాత పదసూచిక లాగా నిరర్థకమవుతాయి.

సూచన చెడిపోవడం కన్నా తప్పు చోటికి దారితీయడం ప్రమాదకరం. పైథాన్ ప్రాజెక్టు 2017 ఫిబ్రవరిలో మెర్క్యురియల్ నుంచి గిట్‌కు మారి గిట్‌హబ్‌లో స్థిరపడింది. పాత కమిట్ సందేశాలలోని దోష సంఖ్యలు పైథాన్ సొంత దోషాల పట్టికకు చెందినవి. గిట్‌హబ్ మాత్రం అదే తరహా గుర్తుతో ఉన్న సంఖ్యను తన సొంత పట్టికకు చెందినదిగా భావించి లంకె వేస్తుంది. ఈ గందరగోళాన్ని తప్పించడానికి కొత్త సందేశాలలో పాత పట్టిక సంఖ్యలకు ముందు ప్రత్యేకమైన పొడి అక్షరాలు చేర్చే ఆచారం మొదలుపెట్టారు. దోషాల పట్టిక 2022 ఏప్రిల్‌లో గిట్‌హబ్‌కు తరలినప్పుడు ఆ పొడి అక్షరాలు మళ్లీ మారాయి. ఒకే సంఖ్యను చదవడానికి అది ఏ కాలంలో రాసిందో తెలియాలన్నమాట.

3.5. కాలం, లిపి

సబ్‌వెర్షన్ సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో దాస్తుంది. గిట్ కమిట్ చేసినవారి స్థానిక కాలమానాన్ని కూడా నమోదుచేస్తుంది. తరలించిన చరిత్రలో ఆ గడి సాధారణంగా సున్నాగా ఉంటుంది. తరలించిన కాలానికీ, తరువాతి కాలానికీ తేడా గుర్తించకుండా "ప్రోగ్రామర్లు రాత్రివేళ ఎక్కువగా పనిచేస్తారా" అని లెక్కలు తీసే పరిశోధకుడు పొరపాటు నిర్ధారణకు వస్తాడు.

లిపి సమస్య కూడా ఉంది. పాత సందేశాలలో ఐరోపా పేర్లలోని ప్రత్యేకాక్షరాలు రకరకాల సంకేత పద్ధతులలో ఉంటాయి. ఏ సందేశం ఏ పద్ధతిలో ఉందో రాసి ఉండదు. యూనికోడ్‌కు ముందు తెలుగు ఖతులలో టైపు చేసిన పుస్తకాన్ని నేటి కంప్యూటర్‌లో తెరిచినవారికి ఈ ఇబ్బందిని వేరే వివరించనక్కరలేదు.

4. జీసీసీ తరలింపు

జీసీసీ అన్నది గ్నూ ప్రాజెక్టుకు చెందిన కంపైలర్ల సముదాయం. రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని 1987లో తొలిసారి విడుదల చేశారు. 1997లో దీని నుంచి ఈజీసీఎస్ అనే చీలిక వచ్చింది. 1999లో ఆ చీలికనే అధికారిక జీసీసీగా స్వీకరించారు. ఈ రాజకీయ చరిత్ర భాండారంలోనూ ప్రతిఫలిస్తుంది. సీవీఎస్‌లో ఉన్న ప్రాజెక్టు 2005 అక్టోబరులో సబ్‌వెర్షన్‌కు, 2020 జనవరిలో గిట్‌కు మారింది. రెండో తరలింపు నాటికి సబ్‌వెర్షన్ సంఖ్యలు 2,80,000 దాటాయి.

నిజానికి గిట్‌లో జీసీసీ ప్రతి అంతకు ముందే ఉంది. సబ్‌వెర్షన్‌లోని మార్పులను ఎప్పటికప్పుడు యాంత్రికంగా గిట్‌లోకి దించే ప్రతిబింబ రిపాజిటరీని చాలా ఏళ్లు నడిపారు. దాన్నే అధికారికం చేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. కానీ దానిలో కర్త గడి నిండా చేర్చినవారి ఖాతాలే ఉన్నాయి. తరలింపుకు ఏ పరికరం వాడాలన్న విషయంపై సభ్యుల మధ్య సుదీర్ఘ చర్చ సాగింది. చివరికి ఎరిక్ రేమండ్ రూపొందించిన రిపోసర్జన్ అనే పరికరంతో చేసిన తరలింపును స్వీకరించారు. పేరు సూచించినట్టే అది చరిత్రపై శస్త్రచికిత్స చేసే పరికరం. మొదట పైథాన్ భాషలో ఉన్న ఈ పరికరం జీసీసీ చరిత్ర పరిమాణాన్ని తట్టుకోలేనంత నెమ్మదిగా నడవడంతో దాన్ని గో భాషలో తిరిగి రాశారు.

ఈ తరలింపులో గమనించదగిన పరిష్కరణ నిర్ణయాలు నాలుగు.

మొదటిది కర్తృత్వ పునరుద్ధరణ. గ్నూ ప్రాజెక్టులలో చేంజ్‌లాగ్ అనే ఫైలును నిర్వహించే సంప్రదాయం ఉంది. ప్రతి మార్పుతోపాటు తేదీ, రాసినవారి పేరు, ఈమెయిల్, మార్చిన ఫైళ్ల వివరాలు దానిలో చేర్చేవారు. అంటే వ్యవస్థ అడగని కర్త పేరును ప్రాజెక్టు సంప్రదాయం కాపాడింది. తరలింపులో ఆ కమిట్‌తోపాటు చేంజ్‌లాగ్‌లో చేరిన పంక్తులను చదివి, అక్కడున్న పేరును కర్త గడిలో నింపారు. కమిట్ హక్కు లేకుండా సవరణలు రాసి పంపినవారి పేర్లు ఈ విధంగా చరిత్రలో తమ స్థానానికి చేరాయి. కృతి లోపలి ఆధారంతో కవిని నిర్ణయించడం వంటి పని ఇది.

రెండవది సందేశాల సవరణ. పాత సందేశాలలో చాలావాటికి సారాంశం చెప్పే మొదటి పంక్తి లేదు, చేంజ్‌లాగ్ పాఠమే యథాతథంగా ఉంది. గిట్ పరికరాలు మొదటి పంక్తినే శీర్షికగా చూపుతాయి కనుక ఆ చరిత్ర చదవడానికి వీలుకాని జాబితాగా కనిపిస్తుంది. అందుచేత సందేశంలో దోష సంఖ్య ఉన్న చోట దోషాల పట్టిక నుంచి ఆ దోషం శీర్షికను తెచ్చి మొదటి పంక్తిగా చేర్చారు. ఇది చదువరికి మేలు చేసే పని. అయితే ఆ పంక్తి కమిట్ చేసినవారు రాసినది కాదు. దోషాన్ని మొదట నివేదించినవారి మాటలు మరొకరి సందేశానికి తలకట్టు అయ్యాయి. పద్యానికి పరిష్కర్త పెట్టిన శీర్షికను కవి పెట్టిన శీర్షికగా భావించకూడదన్న జాగ్రత్త ఇక్కడ కూడా అవసరం.

మూడవది సూచనల సంరక్షణ. తరలించిన ప్రతి కమిట్ సందేశం చివర అది సబ్‌వెర్షన్‌లో ఏ సంఖ్యగా ఉండేదో తెలిపే పంక్తిని చేర్చారు. ప్రాజెక్టు వెబ్‌సైటు చిరునామా పక్కన పాత సంఖ్య టైపు చేస్తే సంబంధిత గిట్ కమిట్‌కు దారితీసే ఏర్పాటు కూడా ఉంది. వరుస సంఖ్యలకు అలవాటుపడినవారి కోసం గిట్‌లోకి వచ్చిన తరువాత కూడా విడుదల శ్రేణి, దానిలో వరుస సంఖ్య, కురచ ముద్ర కలిపిన కొత్త గుర్తింపు పద్ధతిని రూపొందించుకున్నారు. ఏ మార్పు ముందు, ఏది తరువాత అన్నది ముద్రను చూసి తెలియదు కనుక ఈ అవసరం కలిగింది.

నాలుగవది పనిముగిసిన శాఖల భద్రత. తొలగించిన శాఖలనూ, ఎవరూ కొనసాగించని శాఖలనూ పారేయకుండా వేరే పేర్ల కింద ఉంచారు. మామూలుగా ప్రతి తీసుకునేవారికి అవి దిగవు, కావలసినవారు అడిగి తెచ్చుకోవచ్చు. పూర్వపు ప్రతిబింబ రిపాజిటరీని కూడా చెరిపివేయలేదు. దాని ముద్రలను ఉటంకించిన పాత ఉత్తరాలు అందువల్ల అర్థవంతంగానే మిగిలాయి.

5. భిన్న మార్గాలు

అన్ని ప్రాజెక్టులూ ఈ మార్గాన్ని ఎంచుకోలేదు. లినక్స్ కెర్నల్ 2002 నుంచి బిట్‌కీపర్ అనే వ్యవస్థలో ఉండేది. దాని ఉచిత వినియోగానికి అనుమతి పోవడంతో 2005 ఏప్రిల్‌లో గిట్ పుట్టింది. కెర్నల్ గిట్ చరిత్ర 2.6.12-ఆర్‌సీ2 అనే రూపంతో, పాత చరిత్ర ఏదీ లేకుండా ఒకే కమిట్‌గా మొదలవుతుంది. పాత చరిత్రను తరువాత వేరే రిపాజిటరీలుగా సిద్ధం చేశారు, కావలసినవారు వాటిని అతికించుకొని చూడవచ్చు.

దీని పర్యవసానం ఆసక్తికరమైనది. ఫైలులోని ప్రతి పంక్తినీ చివరగా మార్చిందెవరో చూపే ఆదేశం గిట్‌లో ఉంది. దాన్ని కెర్నల్‌పై నడిపితే 2005కు ముందు రాసి, నేటికీ మారని పంక్తులన్నిటి పక్కనా టోర్వాల్డ్స్ పేరే కనిపిస్తుంది. అవి వందలాదిమంది రాసినవి. ఇక్కడ ఎవరూ తప్పు రాయలేదు, మొదటి కమిట్ సందేశంలోనే పాత చరిత్రను తీసుకురాలేదన్న వివరణ ఉంది. కానీ ఆ వివరణ చదవకుండా ఆదేశం ఫలితాన్ని మాత్రమే చూసేవారికి అది చేరదు.

ఫ్రీబీఎస్‌డీ సీవీఎస్ నుంచి 2008లో సబ్‌వెర్షన్‌కు, 2020 చివరలో గిట్‌కు మారింది. పాత సబ్‌వెర్షన్ సంఖ్యలను సందేశంలో కలపకుండా, గిట్‌లో కమిట్‌కు బయటి నుంచి జోడించే నోట్స్ అనే సదుపాయంలో ఉంచారు. దీనివల్ల కమిట్ చేసినవారి మాటలలో పరిష్కర్త మాట కలవలేదు. అయితే నోట్స్ మామూలు ప్రతితోపాటు వాటంతట అవి రావు, విడిగా తెచ్చుకోవాలి. మూలంలోనే కుండలీకరణాలలో రాయడానికీ, అనుబంధంలో రాయడానికీ ఉన్న తేడా వంటిదే ఇది. మొదటిది చదువరికి తప్పక కనబడుతుంది కానీ మూలంతో కలుస్తుంది. రెండవది మూలాన్ని శుద్ధంగా ఉంచుతుంది కానీ చాలామంది కంట పడదు.

6. ముద్ర దేనికి సాక్ష్యం?

గిట్ ముద్రల గొలుసు చరిత్రకు గట్టి కాపలా. గతంలో ఎవరైనా ఒక అక్షరం మార్చితే ముద్రలు సరిపోక బయటపడుతుంది. ఈ గుణం వల్ల గిట్ రిపాజిటరీని చూసేవారికి దానిలోని ప్రతి వివరమూ సమకాలీన సాక్ష్యమేనన్న నమ్మకం కలుగుతుంది. తరలించిన చరిత్ర విషయంలో ఈ నమ్మకానికి హద్దు గీయాలి.

జీసీసీ రిపాజిటరీలో 1990ల నాటి తేదీతో ఒక కమిట్ కనిపిస్తుంది. దాని ముద్ర మాత్రం 2020 తరలింపులో పుట్టింది. తరలింపు తరువాత ఆ కమిట్ మారలేదని ముద్ర రుజువు చేస్తుంది. 1990లలో అది అదే రూపంలో ఉందని రుజువు చేయదు. సీవీఎస్ నమోదుల కూర్పు, చేంజ్‌లాగ్ నుంచి వచ్చిన కర్త పేరు, దోషాల పట్టిక నుంచి వచ్చిన శీర్షిక అన్నీ ఆ ముద్ర కిందే, అసలు పాఠంతో సమానమైన నిశ్చయంతో కనిపిస్తాయి. చక్కని అచ్చులో వెలువడిన ఆధునిక ముద్రణను చూసి ప్రతి అక్షరమూ కవి హస్తాక్షరమని భావించడం ఎటువంటిదో, ముద్రను చూసి తరలించిన చరిత్ర యావత్తూ సమకాలీనమని భావించడం అటువంటిది.

ఈ దృష్టితో చూస్తే మంచి తరలింపు లక్షణాలు స్పష్టమవుతాయి. ప్రతి శాఖ కొననూ, ప్రతి విడుదలనూ పాత, కొత్త వ్యవస్థల నుంచి తీసి అక్షరం అక్షరం పోల్చాలి. తేడా కనిపిస్తే కారణం చెప్పగలగాలి. తరలింపుకు వాడిన పరికరం, దానికిచ్చిన సూచనలు, పేర్ల పట్టిక ప్రకటించాలి. అవి పరిష్కర్త పీఠిక వంటివి. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత రిపాజిటరీని మార్చడానికి వీలులేని, చదవడానికి మాత్రమే వీలున్న రూపంలో భద్రపరచాలి. ప్రాచీన కావ్య పరిష్కర్తకు కవి స్వహస్త ప్రతి దొరకదు, దొరికిన ప్రతుల నుంచి ఊహించవలసిందే. సాఫ్ట్‌వేర్ పరిష్కర్తకు మాతృక చేతిలోనే ఉంది. దాన్ని పోగొట్టుకోవడానికి అతనికి ఆ కారణం లేదు.

7. తెలుగు డిజిటల్ పాఠాలకు అన్వయం

ఈ చర్చ సాఫ్ట్‌వేర్‌కే పరిమితం కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ, తెలుగు వికీసోర్స్‌లోనూ ప్రతి పేజీకి మార్పుల చరిత్ర ఉంటుంది. వికీసోర్స్‌లో స్కాన్ చేసిన పుస్తకం పుటను ఎవరు టైపు చేశారు, ఎవరు అచ్చుదిద్దారు, ఎవరు సరిచూశారు అన్నది ఆ చరిత్రలోనే తెలుస్తుంది. పేజీని ఒక వికీ నుంచి మరొకదానికి చరిత్రతో సహా దిగుమతి చేసుకునే సదుపాయం ఉంది. అలా కాక పాఠాన్ని మాత్రమే నకలు చేసి అతికిస్తే, అతికించినవారే కర్తగా నమోదవుతారు. వికీపీడియా పాఠాన్ని వాడుకోవడానికి కర్తలను పేర్కొనడం లైసెన్సు షరతు కనుక ఇది మర్యాదకే కాక హక్కుకు కూడా సంబంధించిన విషయం.

విశ్వవిద్యాలయాలూ వ్యక్తులూ తయారుచేసే నిఘంటువులు, పదకోశాలు, కావ్య పాఠాలు కూడా సాంకేతికత మారిన ప్రతిసారీ ఒక రూపం నుంచి మరొక రూపానికి మారుతున్నాయి. పాత ఖతుల నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు తుది పాఠం మీదనే మన దృష్టి ఉంటుంది. ఏ ఆరోపాన్ని ఎవరు చేర్చారు, మార్పిడి పరికరం ఏ ఒత్తును పోగొడితే ఎవరు సరిదిద్దారు అన్న చరిత్రకు చోటు కల్పించడం అరుదు. ఆ పాఠాన్ని ఆధారంగా తీసుకొని ఛందస్సుపైనో, పదప్రయోగంపైనో నిర్ధారణ చేసే పరిశోధకునికి ఆ చరిత్ర అవసరమవుతుంది. పాత ఫైలును తొలగించకుండా ఉంచడం, మార్పిడి చేసిన పద్ధతిని ఒక పుటలో రాసి జతచేయడం, సరిదిద్దినవారి పేర్లను తేదీలతో పేర్కొనడం అనే మూడు పనులకు పెద్ద సాంకేతిక జ్ఞానం అక్కరలేదు.

8. ముగింపు

- వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు చరిత్రను భిన్నంగా నిర్వచిస్తాయి. అందుచేత ఒకదాని నుంచి మరొకదానికి జరిగే తరలింపు నకలు కాదు, పరిష్కరణ.
- పాత వ్యవస్థ చెప్పని విషయాన్ని కొత్త వ్యవస్థ చెప్పినట్టు కనిపించడం తరలింపులోని ప్రధాన ప్రమాదం. కర్తృత్వం విషయంలో ఇది మరింత తీవ్రం.
- జీసీసీ తరలింపులో చేంజ్‌లాగ్ ఆధారంగా కర్తల పేర్లు పునరుద్ధరించడం, పాత సంఖ్యలను నిలుపుకోవడం, తొలగించిన శాఖలనూ పాత ప్రతిబింబాన్నీ భద్రపరచడం ఆదర్శప్రాయమైనవి. సందేశాలకు శీర్షికలు చేర్చడాన్ని మాత్రం పరిష్కర్త జోక్యంగా గుర్తించి చదవాలి.
- గిట్ ముద్ర తరలింపు తరువాతి అఖండతకు సాక్ష్యం. తరలింపుకు ముందరి చరిత్రకు సాక్ష్యం పాత రిపాజిటరీయే.
- రిపాజిటరీలను పరిశోధన దత్తాంశంగా వాడేవారు, చరిత్రలో ఎక్కడ తరలింపు జరిగిందో ముందుగా గుర్తించాలి. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న గణాంకాలను ఒకే కొలతతో పోల్చకూడదు.

కంపైలర్‌లోని ఒక పంక్తి ఇరవై ఏళ్ల తరువాత తప్పుగా పనిచేస్తే, దాన్ని సరిదిద్దబోయే వ్యక్తి మొదట అడిగే ప్రశ్న "దీన్ని ఇలా ఎందుకు రాశారు?" అన్నదే. ఆ ప్రశ్నకు సమాధానం రాసినవారి సందేశంలో ఉంటుంది. ఎన్ని వ్యవస్థలు మారినా ఆ సందేశం, ఆ పేరు చెక్కుచెదరకుండా చేరడమే తరలింపు సాఫల్యానికి కొలమానం.